గడియారపు చిప్పు: దోషమెవరిది?

మైక్రోకంట్రోలరుతో చిన్న చిన్న పరికరములు అమర్చుకొనే ఉత్సాహము ఈ రోజులలో మన విద్యార్థులలో బాగా వ్యాపించినది. బడి గంటను వేళకు మోగించే పరికరము, చేనిలోని మోటారును నియమిత కాలములో నడిపే పరికరము, మందు వేసుకొనే వేళను గుర్తుచేసే పెట్టె - వీటన్నిటికి కాలము చెప్పే చిప్పు ఒకటి కావలెను. అంగడిలో అది ఒక చిన్న బోర్డు మీద, బటన్ సెల్లు పెట్టుకొనే గూటితో సహా, చౌకగా దొరుకుతున్నది. కాని అమర్చిన తరువాత కాలము నిలిచిపోవుట, వెనుకకు పోవుట, అర్థము లేని అంకెలు కనబడుట తరచు జరిగే సంగతులే. అప్పుడు విద్యార్థి "చిప్పు పాడైనది" అని తీర్పు చెప్పి మరొకటి కొంటాడు. రెండవది కూడ అట్లే ప్రవర్తిస్తుంది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము. విచారింపవలసినవి మూడు: చిప్పు, దానిని మోసే బోర్డు, దానిని గూర్చి బోధించే పాఠము.

ముందుగా చిప్పు సంగతి. ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు: డి.ఎస్. 1307, డి.ఎస్. 3231. పేరులోని మొదటి రెండక్షరములు డాలస్ సెమీకండక్టర్ అనే అమెరికా సంస్థను తెలుపుతవి. ఆ సంస్థ 2001లో మాక్సిమ్‌లోను, మాక్సిమ్ 2021లో అనలాగ్ డివైసెస్‌లోను కలిసిపోయినవి. 1307కు పక్కన ఒక క్వార్ట్జ్ స్ఫటికమును కలుపవలెను. అది సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగము చేస్తే మిగిలేది ఒకటి. అదే మన సెకండు. ప్రధాన విద్యుత్తు లేనపుడు ఈ చిప్పు బటన్ సెల్లు నుండి తీసుకొనే ప్రవాహము సుమారు అర మైక్రోఆంపియరు మాత్రమే. 48 మిల్లీఆంపియర్-గంటల సెల్లు అయినను పదేండ్లకు పైగా నడుపగలదని తయారీదారుల డేటాషీటు చెపుతున్నది. లెక్క కట్టి చూస్తే 96,000 గంటలు, అనగా పదకొండు ఏండ్లకు కొంచెము తక్కువ. మెచ్చుకొనదగిన పొదుపే. కనుక మంచి సెల్లు పెట్టిన కొద్ది నెలలకే కాలము పోయినదంటే, తప్పు మరెక్కడో ఉన్నదని ముందే అనుమానించవలెను.

ఇక పాఠముల సంగతి. నమూనా ప్రోగ్రామును దించుకొని, నాలుగు తీగెలు కలిపి, తెర మీద కాలము చూడుమని చెప్పే పాఠములకు కొదువ లేదు. అన్నియు సక్రమముగా జరిగినంతవరకు అవి పనికివస్తవి. తప్పు జరిగిననాడు అవి మౌనము వహిస్తవి. తెర మీద కనబడే తప్పుడు అంకెలే తమ కారణమును చెపుతవన్న సంగతిని అవి విద్యార్థికి నేర్పవు.

ఉదాహరణకు, గంటలు, నిమిషముల స్థానములో 165 వంటి అంకె కనబడినదనుకొందము. ఇది పిచ్చి అంకె కాదు. చిప్పు దశాంశములోని ఒక్కొక్క అంకెను నాలుగేసి బిట్లలో వేరు వేరుగా దాచుకొంటుంది. చిప్పు జవాబివ్వనపుడు ప్రోగ్రాముకు చేరేవి అన్నీ ఒకట్లే. నాలుగు ఒకట్లు అనగా 15. పదుల స్థానములో 15, ఒకట్ల స్థానములో 15 ఉన్నవని లెక్క కడితే 150కి 15 కలిపి 165 వస్తుంది. అనగా ఆ అంకె కాలము కాదు, తీగె మీది నిశ్శబ్దము. చిప్పును మార్చక ముందు తీగెలను చూడుమని దాని అర్థము.

అట్లే సెకండ్లు 9 తరువాత 16కు దుమికితే, చిప్పు ఇచ్చిన విలువను దశాంశములోనికి మార్చకుండ చూపుతున్నారన్నమాట. కాలము కదలక నిలిచి ఉంటే, సెకండ్ల రిజిస్టరులోని పై బిట్టును చూడవలెను. 1307లో ఆ బిట్టు ఒకటి అయితే స్ఫటికము కంపించదు. మొదటిసారి విద్యుత్తు కలిపినపుడు అది సాధారణముగా ఒకటిగానే ఉంటుంది. సున్న చేస్తేనే గడియారము కదులుతుంది. కొత్త చిప్పు నిలిచి ఉండుట రోగము కాదు, స్వభావము. ఇక, విద్యుత్తు తీసి పెట్టినప్పుడల్లా గడియారము ఒకే పాత వేళకు తిరిగిపోతే, ఆ నేరము ప్రోగ్రాముదే. ప్రోగ్రాము తయారైన వేళను చిప్పులో వ్రాసే వరుసను మొదటిసారికి మాత్రమే ఉంచి, పిదప తొలగించవలెను. అనేక నమూనాలలో ఆ వరుస అట్లే ఉండిపోవుటచే, చిప్పు నమ్మకముగా నడుపుకొనివచ్చిన కాలమును ప్రోగ్రామే ప్రతిసారి చెరిపివేస్తున్నది.

అయితే చిప్పులో విమర్శింపదగినది ఏమియు లేదా? ఉన్నది. 1307కు 4.5 నుండి 5.5 వోల్టుల వరకు విద్యుత్తు కావలెను. ఆర్డ్వినో ఊనో వంటి 5 వోల్టుల బోర్డు మీద ఇది సుఖముగా నడుస్తుంది. ఈఎస్‌పి 32 వంటి 3.3 వోల్టుల బోర్డులకు కలిపినపుడు ఒక విచిత్రము కనబడవచ్చును: బటన్ సెల్లు తీసివేసి ఆ కొనను భూమికి కలిపితే చిప్పు జవాబిస్తుంది, సెల్లు పెట్టగానే మూగబోతుంది. చూచినవారు సెల్లు చెడ్డదనుకొంటారు. నిజమునకు సెల్లు మంచిదగుటయే కారణము. ప్రధాన వోల్టేజి సెల్లు వోల్టేజికి సుమారు ఒకటింపావు రెట్ల కంటె తగ్గితే, విద్యుత్తు పోతున్నదని భావించి ఈ చిప్పు తలుపు మూసుకొంటుంది. సెల్లు 3 వోల్టులయితే ఆ హద్దు 3.75. మన 3.3 దానికి చాలదు. లోపల కాలము నడుస్తూనే ఉంటుంది, అడిగితే మాత్రము చెప్పదు. దాచుకొన్న కాలము పాడుకాకుండ కాపాడుటకే ఈ ఏర్పాటు. అందులో వివేకము ఉన్నది. కాని డేటాషీటు చదువనివానికి ఇంతకంటె తికమక పెట్టే లక్షణము లేదు. నిండుగా ఛార్జి అయిన లిథియం-అయాన్ సెల్లు 4.2 వోల్టులు ఉంటుంది. దానిని నేరుగా కలిపితే హద్దు 5.25కు పోతుంది, అప్పుడు 5 వోల్టుల బోర్డు మీద కూడ చిప్పు మూగదే. 3.3 వోల్టుల పనికి 2.3 వోల్టుల నుండి నడిచే 3231ను ఎన్నుకొనుట ఉత్తమము.

రెండవ లోపము కాలపు ఖచ్చితత్వమునకు సంబంధించినది. మామూలు స్ఫటికములో పది లక్షలకు 20 పాళ్ళ తేడా ఉండవచ్చును. అది రోజుకు 1.7 సెకండ్లు, నెలకు సుమారు 52 సెకండ్లు. దీనికి వేడిమి తోడవుతుంది. ఈ జాతి స్ఫటికము 25 డిగ్రీల దగ్గర సరిగా ఉండి, వేడెక్కినను చల్లబడినను మందగిస్తుంది; ఆ మందగింపు ఉష్ణోగ్రతలోని తేడాకు వర్గముగా పెరుగుతుంది. రామగుండములోనో రెంటచింతలలోనో మే నెలలో రేకుల కప్పు కింద ఉంచిన పెట్టెలో 55 డిగ్రీలు ఉన్నవనుకొంటే, వేడి మూలముగానే రోజుకు రెండున్నర సెకండ్లకు పైగా వెనుకబడుతుంది. రాత్రి చల్లబడినంత మాత్రాన పోయిన సెకండ్లు తిరిగి రావు. మందు పెట్టెకు ఇది లెక్కలోనిది కాదు. ఏడాది పొడుగునా ఎవరూ ముట్టుకొనని బడి గంటకు ఇది నిమిషముల తేడా. 3231లో స్ఫటికము లోపలనే ఉన్నది. 64 సెకండ్లకొకసారి ఉష్ణోగ్రతను కొలిచి అది తన్ను తాను సవరించుకొంటుంది. సున్న నుండి 40 డిగ్రీల వరకు దాని తేడా పది లక్షలకు 2 పాళ్ళు, అనగా ఏడాదికి ఒక నిమిషము మాత్రమే. పైగా స్ఫటికము ఎప్పుడైనా ఆగినదా అన్న సంగతిని ఒక బిట్టులో గుర్తుంచుకొని చెపుతుంది. తనమీద తానే సాక్ష్యము చెప్పగల ఈ గుణము 1307లో లేదు.

అన్నిటికంటె కఠినముగా విమర్శింపవలసినది బోర్డును. జెడ్.ఎస్. 042 అనే గుర్తుతో 3231ను మోసే చౌక బోర్డు విరివిగా అమ్ముడుపోతున్నది. అందులో ప్రధాన విద్యుత్తు నుండి 200 ఓముల నిరోధకము, ఒక డయోడు గుండా సెల్లును ఛార్జి చేసే మార్గము ఉన్నది. తిరిగి ఛార్జి చేయదగిన ఎల్.ఐ.ఆర్. 2032 కొరకు ఉద్దేశించిన ఏర్పాటిది. కాని మనవారు ఆ గూటిలో పెట్టేది వాడి పారవేసే సి.ఆర్. 2032. రెండును ఒకే కొలతవి. గూడు వాటి భేదమును పట్టించుకొనదు. 5 వోల్టుల మీద నడిపితే, ఛార్జి చేయకూడని లిథియం సెల్లులోనికి మొదట 6 మిల్లీఆంపియర్ల వరకు ప్రవాహము రాత్రింబవళ్ళు ఎక్కుతుంది. సెల్లు ఉబ్బవచ్చును, కారవచ్చును, పగులవచ్చును. ఛార్జి చేయదగిన సెల్లుకు కూడ ఆ మార్గము క్షేమము కాదు, 4.2 వోల్టుల వద్ద ఆపే ఏర్పాటు అందులో లేదు. కాలము తప్పితే గంట ఆలస్యముగా మోగుతుంది, అంతే. మంచము పక్కన ఉంచే మందు పెట్టెలో సెల్లు పగిలితే జరిగే హాని వేరు. నివారణ సులభము: ఆ నిరోధకమును గాని డయోడును గాని ఊడదీసి, సి.ఆర్. 2032ను పెట్టుకొనవలెను. ఈ ఒక్క వాక్యమును చెప్పని పాఠము ఎంత చక్కగా వ్రాసినదైనను అసంపూర్ణమే.

పరీక్షకు ఒక క్రమము ఉన్నది. చిప్పు కాళ్ళ వద్దనే వోల్టేజిని, పిదప సెల్లు వోల్టేజిని కొలువుము. సమాచారపు తీగెలు రెండును పని లేనపుడు పై వోల్టేజిలో ఉన్నవో లేవో చూడుము. విడి చిప్పును బ్రెడ్‌బోర్డు మీద అమర్చినవారు 4.7 కిలోఓముల పుల్‌అప్ నిరోధకములను మరువరాదు. తరువాత తీగె మీద ఎవరెవరు పలుకుతున్నారో చిరునామాల వారీగా అడిగే ప్రోగ్రామును నడుపుము. మామూలు లెక్కలో గడియారపు చిరునామా 104. కొన్ని పుస్తకములలో కనబడే 208 దానికి రెట్టింపు, అదే చిరునామాను మరొక విధముగా వ్రాసినది. వేరు చిప్పు అని భ్రమపడకూడదు. ఈ బోర్డుల మీద జ్ఞాపకపు చిప్పు కూడ ఒకటి ఉంటుంది. అది 87 వద్దనో 80 వద్దనో పలికి, గడియారము మాత్రము పలుకకపోతే, తీగెలు నిర్దోషులని తేలినది. 1307 అయితే ముందు సెల్లు వోల్టేజిని అనుమానించవలెను. చివరకు చిప్పు ఇచ్చే సెకండుకొక స్పందనను ఒక ఎల్.ఇ.డి.కి కలిపి చూడుము. స్ఫటికపు కాళ్ళ మీదనే మీటరు సూదులు ఆనించుట మంచిది కాదు. ఆ స్పర్శకే కంపనము చెదరవచ్చును.

ఈ క్రమమును దాటివచ్చిన పిదపనే చిప్పును అనుమానించుట న్యాయము. అంతవరకు వచ్చే చిప్పులు కొద్ది. మన తీర్పు ఇది: 1307 తన హద్దులలో నమ్మదగినది, 3231 అంతకంటె మెరుగైనది, చౌక బోర్డు సవరించక వాడదగనిది. పాఠములు వ్రాసేవారు తీగెలు కలిపే బొమ్మతోపాటు, తప్పు జరిగినపుడు కనబడే అంకెలను, వాటి అర్థమును కూడ ఒక పుటలో ఇచ్చితే విద్యార్థి డబ్బు మిగులుతుంది. అంతకంటె ముఖ్యముగా, కొలువక ముందే తీర్పు చెప్పే అలవాటు అతనికి తప్పుతుంది.