ఎనిమిది ప్రశ్నల తక్కెడ

డాక్టరు "ఏమిటి ఇబ్బంది?" అంటే మనం చెప్పేది ఒకటే: "నీరసం సార్." ఆ ఒక్క మాటలో రక్తహీనత, థైరాయిడ్, దిగులు, నిద్రలేమి అన్నీ కలిసిపోతాయి. అందులోంచి పగటి నిద్రమత్తును విడిగా తూచే కాగితం ఒకటి ఉంది. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రి వైద్యుడు మర్రే జాన్స్ 1991లో ప్రచురించిన ఎప్‌వర్త్ స్లీపినెస్ స్కేల్ అది.

దాని పనితనమంతా అడిగే తీరులో ఉంది. 'మీకెంత మత్తుగా ఉంటుంది?' అనదు. ఫలానా చోట ఉంటే కునుకు పట్టే అవకాశం ఎంత అంటుంది. అసలు పట్టదంటే 0, బాగా అవకాశముంటే 3.

ఆ ఎనిమిది చోట్ల ఎంపిక చూడండి. మధ్యాహ్నం వీలు చిక్కి నడుం వాలిస్తే ఎవరికైనా కన్ను మూతపడుతుంది. చదువుతూనో, టీవీ చూస్తూనో, సభలో ఊరికే కూర్చునో తూగడం ఇంకో మెట్టు. ఎదుటి మనిషితో మాట్లాడుతూనో, ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగితేనో కునుకు పడితే మాత్రం సంగతి వేరు. మిగతా రెంటికీ షరతులున్నాయి. కారు ప్రయాణమంటే పక్క సీట్లో, గంటసేపు ఆగకుండా. భోజనం తర్వాత కూర్చోవడమంటే మద్యం ముట్టకుండా. ఆ షరతు లేకపోతే కునుకు మనిషిదో మందుదో తేలదు.

మొత్తం 24. పది దాటితే కారణం వెతకాలి. కారణం మాత్రం ఈ కాగితం చెప్పదు. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకీ, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీకీ, రోజూ ఐదు గంటలే పడుకోవడానికీ అదే 16 రావచ్చు. అది తేల్చడానికి రాత్రి నిద్ర పరీక్ష, అవసరమైతే మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి చేసే పరీక్ష ఉన్నాయి. ఆప్నియాకు ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మాస్కు, నార్కొలెప్సీకి మొడాఫినిల్ వంటి మందులు, నిద్ర చాలనివాళ్ళకు నిద్రే వైద్యం.

లోపమూ ఉంది. నడుం వాల్చినప్పటి 3కీ, ట్రాఫిక్‌లోని 3కీ కూడికలో ఒకటే విలువ. బండి నడిపేవాళ్ళ విషయంలో ట్రాఫిక్ ప్రశ్నను విడిగా చూడాల్సిందే. పైగా తన కునుకు తనకు కనపడదు. ఒకాయన టీవీ ప్రశ్న దగ్గర ధీమాగా 0 వేస్తే, పక్కనున్న వాళ్ళావిడ "మరి రోజూ చేతిలోంచి రిమోట్ జారేది ఎవరికండీ?" అంటుంది. సున్నా కొట్టేసి 3 వేస్తారు.

చికిత్స మొదలయ్యాక అదే కాగితం మళ్ళీ నింపించవచ్చు. అప్పుడూ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది.