పదాన్ని మోసిన గొంతులు

నిజామాబాద్ జిల్లాలో, ధర్పల్లి నుంచి వర్ని, బోధన్ దాకా ఏ ఊళ్లోనైనా దేవదాసి అన్న మాట వినబడగానే ముందుగా స్ఫురించేది జోగిని ఆచారమే. పేదింటి ఆడపిల్లను గ్రామదేవతకిచ్చి పెళ్లి చేసి, ఆపైన ఊరి పెద్దల దయకు వదిలేసిన ఆ ఆచారం మీద హేమలతా లవణం వర్ని కేంద్రంగా ఏళ్ల తరబడి పోరాడారు. 1988లో దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. రావలసిన చట్టమే అది. అయితే జోగినులనూ, తరాలుగా సంగీత సాహిత్య నృత్యాలను అభ్యసించిన కలావంతుల కుటుంబాలనూ ఒకే మాట కింద చేర్చి చూడటం అలవాటు కావడంతో, ఆ స్త్రీల దుఃఖం చరిత్రకెక్కినంతగా వారి విద్వత్తు ఎక్కలేదు. ఆ విద్వత్తు ఎటువంటిదో తెలుసుకోవడానికి పదగానాన్ని మించిన సాక్ష్యం లేదు.

సంగీతంలో పదం అంటే శృంగార రసం ప్రధానంగా, విలంబ కాలంలో, అనగా బాగా నెమ్మదైన నడకలో సాగే రచన. 17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో, అనగా రచనలో రచయిత ఉంచే సంకేతనామంతో, రచించిన పదాలు దీనికి ఒరవడి. వాటిలో మాట్లాడేది ఎక్కువగా నాయికే. ఆమె ప్రియుణ్ణి నిలదీస్తుంది, చెలికత్తెతో చెప్పుకుంటుంది, ఒక్కోసారి తనలో తానే అనుకుంటుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలు దీని అంగాలు కాగా, కొన్ని పదాలను అనుపల్లవితోనే ఎత్తుకోవడం సంప్రదాయం. చాలా పదాలు త్రిపుట తాళంలో, అంటే 3, 2, 2గా విడివడే 7 అక్షరాల ఆవృత్తంలో నడుస్తాయి.

ఈ నెమ్మదిలోనే కష్టమంతా ఉంది. ముఖారి రాగంలో స్వరాలు పైకెక్కే ఆరోహణకు చతుశ్రుతి ధైవతం ('ద' స్వరం), కిందికి దిగే అవరోహణకు దానికంటే కొంచెం కిందనుండే శుద్ధ ధైవతం వస్తాయి. వేగంగా సాగే పాటలో ఈ తేడా మెరిసి మాయమవుతుంది. పదంలో మాత్రం "రా" వంటి ఒక్క అక్షరం కొన్ని అక్షర కాలాల పాటు సాగుతుంది గనుక, గాయని ఆ ధైవతాన్ని ఏ వైపు నుంచి చేరుతున్నదీ, ఎంతసేపు నిలుపుతున్నదీ, ఎక్కడ విడుస్తున్నదీ వినేవారికి తేటగా తెలిసిపోతుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి మధ్యలో తెగకుండా జారడమనే జారు, స్వరాన్ని ఉన్నచోటనే ఊపడమనే కంపితం ఇక్కడ అలంకారాలు కావు. రాగం నిలబడేదే వాటి మీద. కీర్తనలో పల్లవిని సంగతులతో, అనగా క్రమంగా విస్తరించే స్వరభేదాలతో పెంచుతూ పోతారు. పదంలో ప్రధానంగా మారేది భావం. ఒకే పల్లవి మొదటిసారి కోపంగా, రెండోసారి ఎత్తిపొడుపుగా, మూడోసారి బతిమాలుతున్నట్టుగా వినిపించాలి. దానికి తగినట్టు అభినయంలో అర్థాన్ని పెంచుకుంటూ పోవడాన్ని సంచారి అంటారు. నర్తకి తానే పాడుతూ అభినయించే పద్ధతిలో గొంతూ, చేయీ, చూపూ ఒక్క ఊపిరి మీద నడవాలి.

ఇటువంటి విద్య కాగితం మీద నిలవదు. 1904లో సుబ్బరామ దీక్షితులు తమ సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో జారు, కంపితం వంటి గమకాలకు గుర్తులు పెట్టి తెలుగు లిపిలో స్వరపరచిన తీరు మహోపకారమే అయినా, ఏ ఊపు ఎంత బరువుతో పలకాలో గుర్తు చెప్పలేదు. తల్లి పాడుతుంటే కూతురు, అమ్మమ్మ పాడుతుంటే మనుమరాలు విని పట్టుకోవలసిందే. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట తమిళం మాట్లాడే స్త్రీలు తెలుగు పదాన్ని ఇలాగే కాపాడారు. ఆమె మనుమరాళ్లలో టి. బృంద, టి. ముక్త పదగానానికీ, బాలసరస్వతి పదాభినయానికీ పేరుపొందారు. రచయిత గుర్తింపు ముద్రలో నిలిచిపోతుంది; రచనను మూడు వందల ఏళ్లు గొంతులో మోసిన వారికి ముద్ర లేదు. వారిని కేవలం పాడినవారిగా లెక్కించడం అన్యాయం, ఎందుకంటే నేడు మనం వింటున్న పదం సగం వారి నిర్మాణమే. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1940వ దశకం నుంచి ఇస్తూ వచ్చిన సంగీత కళానిధి బిరుదు తొలిసారి ఒక స్త్రీకి, ఎం. ఎస్. సుబ్బులక్ష్మికి, దక్కింది 1968లోనే. బాలసరస్వతికి 1973లో, బృందకు 1976లో ఇచ్చారు.

తంజావూరు కొలువులోని ముద్దుపళని రచించిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో పరిష్కరించి ప్రచురించిన బెంగుళూరు నాగరత్నమ్మ కూడా ఈ పరంపరలోని విదుషీమణే. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించినదీ, అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడటానికి వీలులేని రోజుల్లో వారికోసం నిలబడినదీ ఆమే.

ఇందూరు (నిజామాబాద్) సీమ నాడు నిజాం రాజ్యంలోనిది గనుక, ఇక్కడి పాఠకులకు మరో పేరు ఇంకా దగ్గరిది. హైదరాబాదు కొలువులో వెలిగిన మహలఖా బాయి చందా (1768–1824) ఖుషాల్ ఖాన్ అనూప్ వద్ద హిందుస్తానీ సంగీతం నేర్చి, 125 గజళ్ల దివాన్, అనగా సంపుటి, కూర్చారు. గజల్‌లో ప్రతి షేర్, అనగా రెండు పాదాల పద్యం, తనంతట తాను పూర్తి కావాలి. పాడేటప్పుడు మొదటి పాదాన్ని పదేపదే తిప్పి, విన్నవారిలో ఆత్రం పెరిగాక రెండో పాదాన్ని విడవాలి. పదంలోని సంచారికి ఇది దూరపు చుట్టం. మౌలాలి గుట్ట కింద ఆమె సమాధి నేటికీ ఉంది. అయితే ఆమె గజళ్లు పుస్తకంగా మిగిలాయి గాని, వాటిని ఆమె ఏ రాగంలో ఎలా తిప్పి పాడిందో మాత్రం ఆమెతోనే పోయింది.

పదం విషయంలో అంతటి నష్టం తప్పింది గాని, కొంత నష్టం జరగనే జరిగింది. పాతకాలపు గ్రామఫోను రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందులో సంచారికి చోటు లేక పల్లవి ఒకటి రెండు ఆవృత్తాలకే ముగిసేది. టేపు వచ్చాక బృంద, ముక్త కలిసి పాడినవి తీరిగ్గా నమోదయ్యాయి. వాటిలో రెండు గొంతులు ఒకే జారులో దిగి, ఒకే క్షణాన ఒకే ధైవతం మీద ఆగడం స్పష్టంగా వినిపిస్తుంది.