నువ్వా, మీరా?

ఆంటిగ్వా అనే ద్వీపం పేరు మనలో చాలామందికి క్రికెట్ వల్లనే తెలుసు. వివియన్ రిచర్డ్స్ పుట్టిన గడ్డ అది. లారా 1994లో 375 పరుగులూ, 2004లో 400 పరుగులూ కొట్టింది అక్కడే. అంతకు మించి తెలుసుకోవలసిన అవసరం నాకూ కలగలేదు. మా అక్క కొడుకు అక్కడ వైద్యవిద్యలో చేరడంతో, వాణ్ణి చూసే వంకన, ఒక డిసెంబరులో వారం రోజులు ఆ ద్వీపంలో యాత్రికుడిగా గడిపివచ్చాను. వచ్చిన తర్వాత చదివాను, జమైకా కిన్‌కెయిడ్ రాసిన ‘ఎ స్మాల్ ప్లేస్’. ముందే చదివివుంటే వెళ్ళేవాణ్ణి కాదని బడాయి పోను. వెళ్ళేవాణ్ణే. కాని ఆ హోటల్లో అంత నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి కాదు.

ఇది 1988లో వెలువడింది. నూరు పుటలైనా లేదు. రచయిత్రి 1949లో ఆంటిగ్వాలోనే పుట్టింది. 1965లో, ఇంకా బాలికగా వుండగానే, అమెరికాలో ఒకరింట పిల్లలను చూసుకునే పనికి వెళ్ళింది. తర్వాత పేరు మార్చుకుని రచయిత్రి అయింది. ఈ వ్యాసాన్ని మొదట ‘న్యూయార్కర్’ పత్రిక కోసమే రాసిందట. మరీ కోపంగా వుందని అక్కడి సంపాదకుడు వేసుకోలేదు. కోపంగా వున్న మాట నిజమే. అయితే కోపం వుండడం ఒక రచనకు లోపం ఎప్పటినుంచి అయిందో నాకు తెలియదు.

పుస్తకంలో మొదటి భాగమంతా యాత్రికుణ్ణి ఉద్దేశించి చెప్పిందే. విమానం దిగింది మొదలు హోటలు గది చేరేవరకూ అతని వెంట నడుస్తూ, అతను చూసేదేమిటో, చూడనిదేమిటో చెబుతూ పోతుంది. ఇంగ్లీషులో సంబోధనకు ఒకటే మాట. అందులో గౌరవమూ ఇమిడిపోతుంది, తిరస్కారమూ ఇమిడిపోతుంది. మనకు ఆ సౌకర్యం లేదు. తెలుగులోకి తేవాలంటే ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా తేల్చుకోక తప్పదు. అది వ్యాకరణానికి సంబంధించిన చిక్కు అనుకుని మొదలుపెట్టాను. కాదని కొద్ది పేజీల్లోనే తెలిసింది.

మొదట చదువుతున్నప్పుడు నాకు ఊరటగానే వుంది. ఆమె సంబోధించేది తెల్లవాణ్ణి, అమెరికానుంచో యూరపునుంచో వచ్చినవాణ్ణి. నేను నల్లవాణ్ణి, మా తాతా, ఆమె తాతా ఒకే కిరీటం కింద బతికినవాళ్ళు. బల్లకు ఇవతలి పక్క కూర్చుని, ఆమె తిడుతుంటే తల వూపుతూ చదివాను. అట్లా తల వూపుతూ వూపుతూ ఆకాశం గురించిన వాక్యాల దగ్గరికి వచ్చాను.

ఆంటిగ్వాలో నది లేదు. వర్షం తక్కువ, కరువులు ఎక్కువ. ఇండ్లలో వాననీటిని తొట్లలో పట్టుకుంటారు. సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగుతారు. సెలవు గడపడానికి వచ్చినవాడికి కావలసింది మాత్రం మబ్బు లేని ఆకాశం. ఆ ఆకాశం కింద ఏడాది పొడవునా బతకవలసినవాళ్ళ సంగతి అతనికి తోచదని ఆమె అంటుంది. నాకూ తోచలేదు. ఆ వారమంతా ఒక్క మబ్బు కూడా లేదని మా ఆవిడకు ఫోన్లో సంతోషంగా చెప్పాను. నేను అనంతపురం జిల్లావాణ్ణి! జూలైలో నిర్మలంగా వున్న ఆకాశాన్ని చూసి మా నాయన మొహం ఎట్లా అయ్యేదో ఎరిగినవాణ్ణి. టిక్కెట్టు కొనడంతో ఆ ఎరుక కూడా ఖర్చయిపోయిందన్న మాట. మా అక్క కొడుకు పట్టణంలో అద్దెకుండే ఇంట కుళాయి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. నా హోటల్లో ఈతకొలను మాత్రం అంచులదాకా నిండివుండేది. రెండూ కళ్ళతో చూశాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి మాత్రం చూడలేదు. ఈ పుస్తకం చేసిన పని అదే: మనం విడివిడిగా చూసి వదిలేసిన వాటిని పక్కపక్కన పెడుతుంది. స్నానాల గదిలోంచి పోయిన నీరు ఎక్కడికి పోతుందో, నువ్వు ఈదుతున్నది ఎక్కడో. నీ పళ్ళెంలోని ‘స్థానిక’ ఆహారం ఏ మయామీ నుంచి విమానంలో దిగిందో.

ఇక నా అభ్యంతరం. ఆంటిగ్వాలో బానిసత్వం 1834లో రద్దయింది. తర్వాత వందేళ్ళకు పైగా అవే చెరకుతోటలు, అదే చాకిరీ. 1939లో కార్మిక సంఘం పుట్టింది, 1943లో వి. సి. బర్డ్ దాని అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘమే అతన్ని అధికారానికి ఎత్తింది. 1981లో స్వాతంత్ర్యం వచ్చాక అతనే ప్రధాని. 1994లో అతని కొడుకు ప్రధాని, 2004 దాకా. బడికీ ఆసుపత్రికీ కాక విమానాశ్రయానికి ఈయన పేరెందుకు పెట్టారని కిన్‌కెయిడ్ ఎత్తిపొడుస్తుంది. ఎత్తిపొడుపు బాగుంది. కాని చెరకు కూలీల సంఘంలోంచి ఒక కుటుంబ పాలన ఎట్లా పుట్టిందో చెప్పదు. 1970 దశాబ్దం మొదట్లో చక్కెర పరిశ్రమ మూతపడింది. చెరకు నరికిన చేతులు హోటళ్ళలో పక్కలు వేయడానికి మళ్ళాయి. ఈ మలుపు గురించి పక్కలు వేసేవాళ్ళ నోట ఒక్క మాటైనా పుస్తకంలో వినిపించదు. అవినీతి గురించిన పుకార్లు చాలా వినిపిస్తాయి. ఆమె రాసింది చరిత్ర కాదు కదా అని మిత్రుడొకరన్నారు. కాదు, కాని పాలకులనే కాక తన ప్రజలనుకూడా ఇంత కఠినంగా నిలదీసినప్పుడు, వాళ్ళు చేసిన సమ్మెలను కూడా లెక్కలోకి తీసుకోవద్దా?

అయినా ఆ కాఠిన్యమంతా అన్యాయం కాదు. బానిసత్వాన్ని ఏనాటిదో ఒక ఉత్సవంలాగా తలచుకునే జనమే, హోటలు సేవకులను తయారుచేసే శిక్షణ పాఠశాలను చూసి గర్వపడుతుంటే, ఈ రెంటికీ సంబంధం కనబడడం లేదా అని అడుగుతుంది. మన అభ్యుదయ కవిత్వంలో పీడితుడు ఎప్పుడూ పుణ్యాత్ముడే. ఈమె ఆ మాయలో పడలేదు. యజమాని యజమానిగా వుండడం మానితే మామూలు మనిషి, బానిస బానిసగా వుండడం మానితే అతనూ మామూలు మనిషే అని ముగిస్తుంది. చప్పగా ముగించిందనేవారున్నారు. నాకు మాత్రం ధైర్యంగా కనిపించింది.

గ్రంథాలయం గురించి ఒక మాట చెప్పాలి. 1974 భూకంపంలో సెయింట్ జాన్స్ పట్టణంలోని పాత గ్రంథాలయం దెబ్బతింది. మరమ్మతులు జరగవలసివున్నవని పెట్టిన బోర్డు, ఆమె పుస్తకం రాసేనాటికి పదేళ్ళు దాటినా, అట్లాగే వుంది. పుస్తకాలు ఒక బట్టల దుకాణం పైఅంతస్తులోనూ పెట్టెల్లోనూ మూలుగుతున్నాయి. కొత్త భవనం వచ్చింది 2014లో, భూకంపం వచ్చిన నలభై ఏళ్ళకు. ఆ బోర్డును పట్టుకుని ఒక దేశపు కథంతా చెప్పిన పుటలు ఈ పుస్తకంలో అన్నిటికన్నా మంచివి. అక్కడ కోపం వెనక చదువుకున్న పిల్ల ఏడుపు వినిపిస్తుంది.

మొదటి భాగాన్ని తెలుగు చేసి ఈమధ్య మా తరగతిలో చదివి వినిపించాను. ‘మీరు’ అని మొదలుపెట్టి, మురుగునీటి వాక్యం దగ్గర ‘నువ్వు’లోకి దిగాను. సరైన చోటే దిగానని నాకు కొంచెం గర్వంగా కూడా వుంది. చదవడం అయ్యాక కదిరి వైపునుంచి వచ్చే అమ్మాయి ఒకతె లేచి, “ఆలస్యం చేశారు సార్” అంది.

ఎక్కడ దిగవలసిందని అడిగాను.

“మబ్బుల్లేవని సంతోషించిన చోట” అంది.