నాదమును లెక్కించు విద్య

శబ్దమును భౌతికశాస్త్రములో ఒక అధ్యాయముగా మాత్రమే చదివిన విద్యార్థికి తరంగములు తెలియును, సమీకరణములు తెలియును. ఆ సమీకరణములు చెవికి ఎట్లు వినబడునో మాత్రము తెలియదు. ఈ కొరతను తీర్చుటకు పూనుకొన్న పాఠ్యక్రమమొకటి 2014లో 'కోర్సెరా' ద్వారా ఇంటర్నెట్‌లో వెలువడినది. బార్సిలోనాలోని పొంపేవు ఫాబ్రా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు షావియెర్ సెర్రా, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జూలియస్ స్మిత్ దీని కర్తలు. సంగీతధ్వనులను కంప్యూటరుతో విశ్లేషించుట దీని విషయము. పాఠములు పది వారములకు సరిపోవును. కర్ణాటక సంగీతము వినెడి విద్యార్థికి ఇది ఎంతవరకు ఉపకరించునో విచారింపదగియున్నది.

ఎంత చిక్కని ధ్వనినైనను వేర్వేరు పౌనఃపున్యములు గల సరళ తరంగములుగా విడదీయవచ్చునను ఫూరియర్ సిద్ధాంతముతో పాఠములు ఆరంభమగును. తరువాత ధ్వనిని చిన్న తునకలుగా కోసి పరీక్షించుట, అనుస్వరములను గుర్తించుట, వాటిని తీసివేయగా మిగిలిన శేషమును పరిశీలించుట వరుసగా వచ్చును. వేణునాదమునుండి అనుస్వరములను తొలగించినచో మిగులునది చాలవరకు ఊపిరి సవ్వడియే. ఈ పద్ధతికి సెర్రా 1989లో స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన సిద్ధాంతగ్రంథము మూలము. ధ్వనిని మార్చుట, సంగీతమును వర్ణించుట చివరి ఘట్టములు.

ప్రతి విషయమును సిద్ధాంతము, ప్రదర్శనము, ప్రోగ్రాము అను మూడు అంగములుగా బోధించుట ఇందలి గొప్ప సుగుణము. పైథాన్ భాషలోని ప్రోగ్రాములు మూలరూపముతో సహా ఉచితముగా లభించుచున్నవి. శేషములో ఇంకను స్వరము వినబడుచున్నదన్నచో లెక్కలో లోపమున్నదని విద్యార్థి తానే గ్రహించును. ఇచ్చట చెవియే పరీక్షాధికారి.

కాని, తునక ఎంత పొడవుండవలెనను ప్రశ్న వద్దనే అసలు చిక్కు కలదు. ఈ తునకను 'గవాక్షము' అందురు. సాధారణముగా వాడు హామింగ్ గవాక్షముతో రెండు పౌనఃపున్యములను స్పష్టముగా విడదీయవలెనన్నచో, నాలుగును వాటి భేదముచే భాగింపగా వచ్చినన్ని సెకనుల పొడవు కావలెనని పాఠము చెప్పును. 200 హెర్ట్‌జ్ వద్ద పాడు కంఠపు అనుస్వరములు 200 హెర్ట్‌జ్ ఎడముగా ఉండును గనుక సెకనులో యాబదవ వంతు చాలును. సెకనుకు 44,100 నమూనాల చొప్పున ఇది 882 నమూనాలు.

ఇప్పుడు ఆ కంఠము ప్రక్కన తంబురాను ఉంచి చూడుడు. షడ్జము 200 హెర్ట్‌జ్ అయినచో, 16/15 నిష్పత్తిలో శుద్ధరిషభము సుమారు 213 హెర్ట్‌జ్. భేదము 13 మాత్రమే. పై సూత్రము ప్రకారము 0.3 సెకను గవాక్షము కావలెను. సెకనుకు ఐదుమార్లు ఊగు గమకము ఆ వ్యవధిలో ఒకటిన్నర ఊపులు పూర్తిచేయును. దాని రూపము చెరిగిపోవును. గవాక్షమును కురుచచేసినచో గమకము దక్కును గాని, కంఠము తంబురాతో కలిసిపోవును. పై అనుస్వరములలో కొంత ఆశ కలదు. ఐదవ అనుస్వరము వద్ద భేదము 67 హెర్ట్‌జ్‌కు పెరుగును. అయితే తంబురా పంచమపు తీగ 150 హెర్ట్‌జ్‌లో మ్రోగుచున్నచో, దాని ఏడవ అనుస్వరము 1050 వద్ద మరల అడ్డువచ్చును.

పాఠ్యక్రమము ఎక్కువగా ఒంటి ధ్వనులపై ఆధారపడి, మిశ్రమధ్వనులను క్లుప్తముగా ముగించుట దీని ముఖ్యలోపము. అనుభవము లేక ఇట్లు జరిగినదనుటకు వీలులేదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ధనసహాయముతో 2011 నుండి 2017 వరకు సాగిన 'కాంప్‌మ్యూజిక్' పరిశోధనకు సెర్రాయే నాయకుడు. కర్ణాటక, హిందుస్తానీ సంగీతములు దాని పరిధిలోనివి. మద్రాసు ఐఐటీ అందు పాల్గొన్నది. ఆ అనుభవము పాఠములలోనికి ఇంకను ఎక్కువగా రావలసియున్నది.

ఇది చిన్న లోపము కాదు. స్వరమునకొక అంకె వేయు ప్రోగ్రామును మాత్రమే నేర్చినవాడు, కదలెడి స్వరమును పొరపాటుగా ఎంచు ప్రమాదము కలదు. పనిముట్టు హద్దును సంగీతపు దోషముగా భావించుట శాస్త్రదృష్టి అనిపించుకొనదు.

సంకీర్ణ సంఖ్యలు తెలిసి, ప్రోగ్రాము వ్రాయుటకు కొంత అలవాటున్నవారికే పాఠములు సుగమములు. ఆ సిద్ధతతో చదివినచో మేలు కలుగును. ఒక కంప్యూటరు, ఒక మైకు ఉన్న కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగములుగా వీటిని నడుపవచ్చును. తంబురా లేకుండ ఒకమారు, తంబురాతో ఒకమారు అదే రాగపు ఆలాపనను విశ్లేషించు అభ్యాసమును అధ్యాపకులు చేర్చినచో, పాఠ్యక్రమపు బలమును హద్దును విద్యార్థికి ఒకేసారి బోధపడును.