పాత మాక్రో లెన్సు పదునెంత?

నికాన్ కంపెనీ 1956లో తెచ్చిన 5 సెంటీమీటర్ల మైక్రో నిక్కోర్ లెన్సు పుట్టింది పూల కోసమో పురుగుల కోసమో కాదు, కాగితాల కోసం. పుస్తకాలనూ దస్తావేజులనూ మైక్రోఫిల్మ్‌కు ఎక్కించేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలకు చాలిన లెన్సులు, గీతల మీద గీతలుండే జపాన్ కంజి అక్షరాల దగ్గర చేతులెత్తేశాయి. ఆ లోటు తీర్చడానికే జెంజి వాకిమోతో ఐదు గాజులతో ఈ లెన్సును రూపొందించాడు. వత్తులన్నీ అలుక్కుపోయిన తెలుగు మైక్రోఫిల్మ్‌ను చదవబోయిన పరిశోధకులకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

దాని వారసుడు, 1961లో మొదలైన 55 మి.మీ. ఎఫ్3.5, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. టామ్రాన్ 90, వివిటార్ సిరీస్ 1 కూడా అంతే. కొనేవాళ్ల మొదటి ప్రశ్న, "షార్ప్‌గా ఉంటుందా?" అనే. జవాబు లెన్సులో ఎంత ఉందో పరీక్షించే పద్ధతిలోనూ అంతే ఉంది.

ముందు టార్చిలైటు వెనక నుంచి వేసి గాజుల మధ్య బూజు, మసక ఉన్నాయేమో చూడాలి. అవి ఉంటే మిగతా పరీక్షంతా దండగ.

ఆ తర్వాత చార్టు. అమెరికా వైమానిక దళం పేరు మీదున్న 1951 నాటి చార్టులో మూడేసి గీతల గుంపులు అంతకంతకూ సన్నబడుతూ పోతాయి. గీతలు విడివిడిగా కనిపించిన ఆఖరి గుంపే ఆ లెన్సు హద్దు. అయితే దీన్ని ఇంట్లో ప్రింటు తీసుకుంటే మోసపోతారు. 1200 డీపీఐ ప్రింటరు మిల్లీమీటరుకు 24 జతల గీతలు కూడా వేయలేదు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 80 దాకా పట్టగలదు. వస్తువును అసలు సైజులో, అంటే 1:1లో తీస్తే బయటపడేది ప్రింటరు బండారమే. అందుకే అనుభవజ్ఞులు గాజు పలక మీద చెక్కిన చార్టునో, అద్దంలా చదునైన సిలికాన్ వేఫర్ ముక్కనో వాడతారు.

అసలు తంటా ఇక్కడే మొదలవుతుంది. 1:1 దగ్గర ఎఫ్2.8లో ఫోకసు లోతు, ఫిల్ము రోజుల ఉదారమైన లెక్కలో కూడా, మిల్లీమీటరులో మూడో వంతు. కెమెరా రవ్వంత వాలినా ఒక మూల మసకబారుతుంది, నింద లెన్సు మీద పడుతుంది. విరుగుడు తేలిక: చార్టు స్థానంలో చిన్న అద్దం పెట్టి, కెమెరాలో చూస్తూ లెన్సు తన ప్రతిబింబం మధ్యకు వచ్చేదాకా సర్దడం. ఫోకసు రింగును తిప్పడం మాని, కెమెరాను పట్టా మీద వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వరసగా తీసి, వాటిలో మేలైనది ఎంచుకోవాలి. కదలిక అనుమానాన్ని ఫ్లాష్ తీరుస్తుంది.

ఎఫ్16కి మూస్తే అంతా స్ఫుటంగా వస్తుందనుకోవడం మరో పొరపాటు. 1:1 దగ్గర రింగు మీది ఎఫ్8 నిజానికి దాదాపు ఎఫ్16 లాగే పనిచేస్తుంది. అక్కడే కాంతి చుక్క 21 మైక్రాన్లకు పరుచుకుంటుంది; పిక్సెల్ వెడల్పు మాత్రం 6 మైక్రాన్లు. అంతకంటే మూస్తే ఏ కంపెనీ లెన్సయినా ఒక్కలాగే మెత్తబడుతుంది. కాబట్టి పోలికంటూ చేస్తే ఎఫ్4, ఎఫ్5.6 దగ్గరే చేయాలి.

నాలుగు మూలలూ విడిగా చూడాలి. మధ్యలో బాగుండి ఒక్క మూలే చెడితే గాజు పక్కకు జరిగి ఉండొచ్చు, అడాప్టరు వంకరా కావచ్చు. నాలుగూ సమానంగా చెడి, అక్కడ మళ్లీ ఫోకసు చేస్తే బాగుపడితే, అది బొమ్మ తలం వంపు. కాగితాలు తీసేవాళ్లకు అది పెద్ద లోపం, మిడతను తీసేవాళ్లకు లెక్కలోనిది కాదు.

దూరం సంగతీ అంతే. 55 మి.మీ. ఎఫ్3.5ను 1:10 ప్రాంతానికి సరిదిద్దారు; దూరపు కొండను తీసి దాన్ని తక్కువ చేయడం అన్యాయం. తర్వాత వచ్చిన ఎఫ్2.8లో దూరాన్ని బట్టి లోపలి గాజుల ఎడం మారే ఏర్పాటు ఉంది, అందుకే అది రెండు చోట్లా నిలబడుతుంది. దాని జబ్బు వేరు: గ్రీజు కరిగి అపర్చరు రేకులకు అంటుతుంది. ఫిల్ము కెమెరాలో రేకులు సమయానికి మూసుకోక బొమ్మ తెల్లబోతుంది. అడాప్టరుతో మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలిస్తే రేకులు ముందే మూసుకుని ఉంటాయి కనుక, ఆ లెన్సే చార్టు ముందు చక్కగా నెగ్గుతుంది.