అంచు పొంగే ఉక్కు

పలమనేరు మట్టి బొమ్మల పనివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తడి మట్టి పలకను రెండు పక్కలా అదిమితే నడుమ భాగం చలించదు, అంచులే పైకీ కిందికీ ఉబ్బుతాయి. 1200 డిగ్రీల వేడిలో ఎర్రగా కాలుతున్న ఉక్కు స్లాబూ అంతే. ఆ ఉబ్బు ఎక్కడ, ఎంత వస్తుందో స్లాబు మిల్లెక్కకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపడం గొప్ప పనితనం. దాని విలువ మనవాళ్లకు ఇంకా తెలియలేదు.

వెడల్పు తగ్గించడం ఎందుకంటే, పోత పోసేటప్పుడు ఆర్డరుకో వెడల్పు చొప్పున అచ్చు మార్చుకుంటూ కూర్చోలేరు. కొన్ని వెడల్పుల్లోనే పోసి, మిగతాది మిల్లులో నిలువు రోలర్లతోనో సైజింగ్ ప్రెస్‌తోనో సరిచేస్తారు. పెద్ద ప్రెస్ ఒక్క విడతలో 350 మిల్లీమీటర్ల దాకా తగ్గిస్తుంది. విశాఖ ఉక్కులో కడ్డీలు, తీగచుట్టలు వంటి పొడవాటి సరుకే తయారవుతుంది గనుక ఈ పని చూడాలంటే బళ్లారి పక్కన తోరణగల్లు వంటి చోటికి పోవాలి.

1500 మిల్లీమీటర్ల వెడల్పు, 220 మందం ఉన్న స్లాబును తీసుకోండి. నిలువు రోలర్ల ఒత్తిడి అంత లోతుకు పోదు. అందుకే అంచుల దగ్గర దిమ్మలు కట్టి, అడ్డుకోత ఎముక ఆకారంలోకి వస్తుంది. మిల్లువాళ్లు డాగ్ బోన్ అనేది దీన్నే. తర్వాత అడ్డ రోలర్లు ఆ దిమ్మలను చదును చేస్తాయి, అప్పుడు లోహంలో కొంత పొడవుకు సాగి, కొంత మళ్లీ వెడల్పులోకే వెళ్తుంది. కష్టపడి తగ్గించిన దాంట్లో కొంత చేజారినట్టే. కొసల దగ్గర లోహాన్ని పట్టి ఉంచేది లేక అంచులు నడుమకంటే ముందుకు సాగుతాయి, కొస చేపతోకలా చీలుతుంది. ఆ తోక కత్తిరించి పారేయాల్సిందే. అందుకే మంచి సిమ్యులేషన్ చేసేవాడి చూపంతా కొసల మీదే ఉంటుంది.

ఈ లెక్కకు స్లాబును చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఆ గళ్ల వలే మెష్, ఆ పద్ధతే ఫైనైట్ ఎలిమెంట్. నాలుగు వైపులా సౌష్ఠవం ఉంది కాబట్టి పావు భాగం గీస్తే చాలు. మెష్ అంచు దగ్గర దట్టంగా, నడుమ పలచగా ఉండాలి. మూలలు త్వరగా చల్లారి గట్టిపడతాయి గనుక వేడి లెక్క కూడా కలపాలి. అన్నిటికీ మించి ఘనపరిమాణం మారకూడదు. లోహం నలుగుతుందే గానీ మాయం కాదు.

ఈ చివరి షరతును లెక్కలో నిలబెట్టే పెనాల్టీ పద్ధతిని ద్రవాల ప్రవాహంలో పండించిన వారిలో మన వరంగల్ బిడ్డ జె.ఎన్.రెడ్డి ఒకరు. ఉస్మానియాలో చదివి, 1984లో ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతా పాఠ్యపుస్తకమైంది. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం ఇంకో అడుగు ముందుకేసి 1998లో అసలు మెష్‌నే వదిలేశారు. లోహం విపరీతంగా నలిగినప్పుడు గళ్లు మెలికపడే బాధే లేదు! బెంగళూరు ఐఐఎస్సీలో వై.వి.ఆర్.కె. ప్రసాద్ గీసిన ప్రాసెసింగ్ మ్యాపులు ఏ వేడిలో, ఏ వేగంతో నలిపితే లోహం పగలదో చెబుతాయి. లోహాన్ని మలిచే పనిని ఇలా లెక్కగట్టడానికి కొబయాషీ అనే పరిశోధకుడి బృందం 1970ల్లో వేసిన పునాదినీ మరువకూడదు.

ఇంత ఘనత ఉన్న విద్యకు ఇప్పుడొస్తున్న నకళ్లు చూస్తే కడుపు మండుతుంది. సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, ఘర్షణ గుణకం దగ్గర ఎవరో వాడిన 0.3 వేస్తారు, మెష్ రెట్టింపు చేసి మళ్లీ నడిపి చూడరు. ఎరుపూ నీలమూ కలిసిన బొమ్మ అచ్చేస్తే థీసిస్ అయిపోతుంది. ఆ బొమ్మలోని దిమ్మ ఎత్తును ఏ నిజమైన స్లాబుతోనూ పోల్చరు. పాత కొలతలు మేసిన ఏఐ చెప్పిందంటూ మెకానిక్స్‌నే పక్కన పెట్టేవాళ్లను అసలు ఒప్పుకోను. కొత్త గ్రేడు ఉక్కు వచ్చిన రోజున అది దేన్ని చూసి చెబుతుంది?

వెనకటి పరిశోధకులు ప్లాస్టిసిన్ దిమ్మలనూ సీసం ముక్కలనూ చిన్న రోలర్ల మధ్య నలిపి, కోసి, స్కేలుతో కొలిచి, ఆ అంకెల పక్కన తమ లెక్క పెట్టేవారు. తిరుపతి పక్కన ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ ఉంది. విద్యార్థుల చేత ముందు ఆ పని చేయించండి. ప్లాస్టిసిన్ దొరక్కపోతే పలమనేరు మట్టితోనే మొదలుపెట్టండి. కొలిచిన దిమ్మ ఎత్తు పక్కన లేని రంగుల బొమ్మకు మార్కులు వేయకండి.