స్పీకరు ముందు బట్ట

పాత వాల్వు రేడియోని బాగుచేయించేవాళ్లు లోపలి వాల్వుల గురించీ కండెన్సర్ల గురించీ వంద ప్రశ్నలు వేస్తారు. స్పీకరు ముందు బట్ట వదులై వేలాడుతుంటే మాత్రం పట్టించుకోరు. లేదా దాన్ని చింపి పారేసి సోఫా గుడ్డ అంటించేస్తారు. వదిలేయడమే నయం.

ఆ బట్ట స్పీకరులోని కాగితపు కోనుని దుమ్ము నుంచీ, పిల్లల వేళ్ల నుంచీ కాస్తుంది. అలాగని శబ్దానికి అడ్డుపడకూడదు. అందుకే పడుగూ పేకా ఎడంగా ఉండేలా నేస్తారు. గుడ్డ దట్టమైతే ముందు మసకబారేవి తాళాల మోత, ‘స’, ‘శ’ లాంటి అక్షరాలు. నోటికి ఆనించుకుని ఊదితే గాలి ఇట్టే దాటిపోవాలి. బుగ్గలు ఉబ్బాయంటే ఆ గుడ్డ పనికిరాదు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు రూపొందించిన ఎల్‌ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకరుకి టైగాన్ అనే ప్లాస్టిక్ దారపు బట్ట వేసేవారు. బట్ట తొడిగి ఉండగానే దాని ధ్వనిని సరిచూసుకున్నారు. అది ఊడదీసి వింటే వేరే స్పీకరు విన్నట్టే.

రిపేరుకి ముందు ప్లగ్గు తీయాలి. వాల్వు సెట్టయితే స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, అనుభవం లేనివాళ్లు లోపల చెయ్యి పెట్టొద్దు. చట్రం విడిగా ఊడి వచ్చే స్పీకర్లతో ఆ భయం లేదు. చట్రాన్ని తిరగేసి చూస్తే పాత జిగురు గోధుమరంగు పొడిగా రాలుతుంటుంది. చాలాసార్లు బట్ట సాగి ఉండదు, జిగురు పట్టు విడిచి ఉంటుందంతే. వెనక్కి మడిచిన అంచు విప్పితే, ఎండా దుమ్మూ తగలని ఆ అంగుళం మేర జరీ దారం కొత్తదానిలా మెరుస్తుంది. మొత్తం బట్ట ఒకప్పుడు ఆ రంగులోనే ఉండేదన్నమాట!

పొడి గీకేసి, చట్రం వెనకవైపు మాత్రమే ఫెవికాల్ పలచగా రాయాలి. ముందుకి కారితే నేత కన్నాలు పూడిపోతాయి. మూలల దగ్గర మొదలుపెడితే గళ్లు వంకర పోతాయి. ముందు ఎదురెదురు అంచుల్ని నడిమధ్యన పట్టి అంటించాలి, తర్వాత మిగతా రెండు వైపులూ అలాగే. అక్కణ్ణుంచి మూలల వైపు కొంచెం కొంచెంగా జరగాలి. అడుగడుగునా పడుగు దారం తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి. బలమంతా పెట్టి లాగితే సన్నని చట్రం లోపలికి వంగుతుంది.

ఇంకా కాస్త వదులుంటే, ప్లాస్టిక్ లేదా పాలియెస్టర్ దారపు బట్టకి హెయిర్ డ్రయర్ వేడి దూరం నుంచి తగిలిస్తే బిగుసుకుంటుంది. ఒకేచోట ఆపితే కరిగి చిల్లు పడుతుంది. నూలు బట్టకి ఈ చిట్కా పనిచేయదు, దాన్ని విప్పి మళ్లీ లాగాల్సిందే.

జిగురు రాత్రంతా ఆరనిచ్చి, మృదంగం బాగా మోగే పాట పెట్టండి. పాటతోపాటు జరజరమనే మోత వినిపిస్తుంటే బట్టని వేలితో మెల్లగా నొక్కి చూడండి. మోత ఆగితే వదులు ఇంకా బట్టలోనే ఉంది. ఆగకపోతే చట్రాన్ని పెట్టెకి పట్టి ఉంచే మేకుల్ని చూడాలి.